నాలుగో నంబరు గొలుసు

అది కాదండీ ఇమ్రీ గారూ, మనిషి రబ్బరు పడవలో నిలబడి, మీ పడవ కమ్మీ పట్టుకుని వేలాడుతూ మాట్లాడుతుంటే, ‘ఉండు లాక్లన్, నీళ్ళు మరిగాయి’ అని లోపలికి దిగిపోతే ఎలా? నేను టీ కోసం వచ్చానా? సరే, ఇవ్వండి. పంచదార వద్దు.

ఇందాకటి నుంచి ఒకటే చెబుతున్నాను. మీరు ఇక్కణ్ణుంచి బయల్దేరాలి. రేపు కాదు, చీకటి పడ్డాక కాదు. ఇప్పుడు నాలుగూ ముప్పై అయిదు. అయిదింటికి రేవులోంచి ఫెర్రీ కూత వేసి వెళ్ళిపోతుంది చూడండి, ఆ కూత వినపడేసరికి మీరు పడవ కట్టిన ఈ బోయా నుంచి తాడు విప్పేసి బే దాటి ఉండాలి.

గాలి ఎక్కడుంది అంటారేం? లేదు. అదే కదా నేను చెప్పేది. పొద్దున్న తొమ్మిదింటికి మా ఇంట్లో బారోమీటరు వెయ్యీ ఏడు. ఇందాక ఫెర్రీ దిగి ఇంటికెళ్ళి చూస్తే తొమ్మిది వందల తొంభై నాలుగు. ఏడు గంటల్లో పదమూడు. పడటం ఇంకా ఆగలేదు.

గాలి రాలేదు గానీ అల వచ్చేసింది. మీ మగ్గులో టీ చూడండి, ఒక అంచు నుంచి ఇంకో అంచుకి ఎంత నిదానంగా వెళ్తోందో. ఎక్కడో రెండొందల మైళ్ళ అవతల కొడుతున్న గాలి ఇది, ముందు అలని పంపించింది. గొర్రెలు కొండ దిగొచ్చి రాతి గోడ చాటున ముడుచుకున్నాయి. మా అమ్మ తీగ మీద బట్టలు తీసేసింది, తడివే.

మీరూ విన్నారుగా రేడియోలో. తొమ్మిదో స్థాయి పెనుగాలి. మొదట నైరుతి నుంచి. దానికి ఈ కొండ అడ్డం ఉంది, అది నేనూ ఒప్పుకుంటాను. ఎనిమిదిన్నరకి వాయవ్యానికి తిరుగుతుంది. వాయవ్యం అంటే ఈ బే నోరు, సముద్రం లోపలికొచ్చే దారి. అప్పుడు మీ వెనక ఏముంటుందో చెప్పండి. ముసలిదాని పళ్ళు. అవే, ఆ నల్ల రాళ్ళు. మీ పడవ వెనక అంచు నుంచి మొదటి పన్నుకి నూట నలభై గజాలు. తాడు వేసి నేనే కొలిచాను. పడవ వదులైతే నిమిషన్నర పడుతుంది, అంతే.

వదులవదు అంటారా.

ఊఁ. అది తర్వాత మాట్లాడదాం. ముందు దారి వినండి. తూర్పు వైపు ఎల్నిష్ పాయలోకి వెళ్ళిపోండి. చుట్టూ కొండలు, అడుగున మెత్తటి బురద, లంగరు వేస్తే మళ్ళీ మీరు అడిగినా రాదు. ఇక్కడి నుంచి సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ కొండ మొన వరకు అయిదు మైళ్ళు, మొన తిరిగాక ఒక మైలు. మీ ఇంజను గంటకి అయిదు లాగుతుంది. ప్రవాహం ఇప్పుడు మీ వైపే ఉంది, ఇంకో రెండు వేసుకోండి. ఏడు. మొన దగ్గరికి నలభై మూడు నిమిషాలు. అక్కడ ప్రవాహం తిరగబడేది అయిదూ నలభై అయిదుకి. అందుకే అయిదు అంటున్నాను. ఆ తర్వాత మీ అయిదులోంచి మూడు తీసెయ్యాలి. మిగిలేది రెండు. నీళ్ళు అటు, గాలి ఇటు, మధ్యలో మీ పడవ సోలన్. ఆ మొన దగ్గర అలాంటప్పుడు సముద్రం నిలువుగా లేచి నిలబడుతుంది. మీకు చెప్పాలా?

కింద మంచం మీదున్న కీత్ గారి నడుమా? తెలుసు. రేవులో మాగీ చెప్పింది, మొన్న పడవ మెట్ల మీద జారారట కదా. లేవలేకపోతున్నారా? పక్కకి కూడా తిరగలేరా?

నమస్తే కీత్ గారూ! వినపడుతోందా? పడుకోండి, పడుకోండి, లేవకండి.

చూడండి, ఆయన లేవక్కర్లేదు. లంగరు లాగే మిషను పాడైందని కూడా తెలుసు. కానీ లంగరు వెయ్యడానికి మిషను ఎందుకు? పట్టీ తీస్తే దానంతట అదే పడుతుంది. తియ్యడానికే కష్టం. రేపు పొద్దున్నే కొండ దాటి నేనొచ్చి చేతుల్తో లాగి పెడతాను. మాట ఇస్తున్నాను.

ఇక్కడే లంగరు వేస్తారా? ఇక్కడ రాయి, రాతి మీద నాచు. లంగరు పట్టదనే కదా అడుగున దిమ్మలు వేసి, వాటికి గొలుసులతో ఈ నాలుగు బోయాలు తేల్చింది.

మీరు నవ్వకండి. రెండేళ్ళ కిందట ఎనిమిదో స్థాయి గాలిలో ఇదే బోయా మీద నిద్రపోయారని నాకు తెలుసు. అది దక్షిణపు గాలి. అప్పుడీ గొలుసు రెండేళ్ళది.

అంటే ఏమీ లేదు. లెక్క కోసం అన్నాను.

అసలు సంగతి ఇంకొకటుంది. ఈ నాలుగో బోయా ఇవాళ వేరే వాళ్ళకి ఇచ్చేశాం. అవును, ఈ బోయాలు పెట్టించిన దీవి సంఘం వాళ్ళు మాట ఇచ్చేశారు. డెన్మార్క్ వాళ్ళు, పెద్ద పడవ, నలభై ఆరు అడుగులు. సాయంత్రానికి వస్తారు. మీరుంటే వాళ్ళకి ఇబ్బంది.

ఎవరిని అడుగుతారు? వద్దు, రేడియో జోలికి వెళ్ళకండి. ఇమ్రీ గారూ, దయచేసి ఆ మైకు అక్కడ పెట్టండి.

పెట్టారా? థాంక్స్.

మీకు తెలీదు మా దీవి సంగతి. హర్నవేలో నలభై ఒక్క ఇళ్ళు, ముప్పై ఎనిమిది వంటిళ్ళలో ఈ రేడియో ఉంది. పొద్దస్తమానం పదహారో ఛానెల్, పడవలన్నీ పిలుచుకునేది. టీవీ అయినా కట్టేస్తారు గానీ దీన్ని కట్టరు. పోయిన వారం ఒక పడవాయన తన భార్య ఉప్పు మర్చిపోయిందని పక్క పడవాయనకి చెప్పుకున్నాడు. ఆవిడ రేవులో దిగగానే మాగీ ఉప్పు పొట్లం చేతిలో పెట్టింది. మీరిప్పుడు ‘లాక్లన్ నన్ను బోయా ఖాళీ చెయ్యమంటున్నాడు, ఎందుకు?’ అని అడిగారనుకోండి, ముప్పై ఎనిమిది వంటిళ్ళలో చెంచాలు ఆగిపోతాయి. అందులో ఒకటి టోర్కిల్ ఇల్లు. ఆయన మరీ పెద్ద గొంతు పెడతాడు, కుడి చెవి పనిచెయ్యదు కదా. రోడ్డు మీద నడుస్తుంటే వినపడుతుంది.

అవునండీ. పడవ పోయినా రేడియో పెట్టుకునే ఉన్నాడు.

మీకు ఎవరూ చెప్పలేదా? నేనే చెప్పాలన్నమాట. ఆయన కోసం సీసా కూడా తెచ్చారా.

ఈ నెల ఆరో తారీకు రాత్రి పోయింది. చిన్న గాలే, ఏడో స్థాయి. పొద్దున్న చూస్తే పడవ పళ్ళ మీద ఉంది. వాళ్ళ నాన్న కట్టిన పడవ, ఇరవై ఎనిమిది అడుగులు, ఒక్క పలక కూడా మార్చలేదు ఇంతవరకూ. మధ్యాహ్నానికి పలకలు ఒడ్డున ఏరుకున్నాం.

మూడో బోయాకి కట్టి ఉంచాడు. ముడి జారిందన్నారు.

ఎవరన్నారంటే... అందరూ. బోయా దాని చోట అది ఉంది, పడవ రాళ్ళ మీద ఉంది. మధ్యలో ఇంకేముంటుంది, ముడే కదా?

మీరు నమ్మరా. ఎవరూ ముందు నమ్మలేదు. యాభై ఏళ్ళు చేపలు పట్టినవాడు, ఈ దీవిలో సగం మందికి ముడులు నేర్పినవాడు. నాకూ ఆయనే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ గడప మీద కూర్చోబెట్టి, కళ్ళకి గుడ్డ కట్టి, చేతికి తాడిచ్చి, ‘చీకట్లో కట్టలేని ముడి ముడి కాదురా’ అన్నాడు. కానీ డెబ్బై మూడొచ్చాయి కదా, చేతులు వణుకుతున్నాయేమో అన్నారు. తర్వాత మతిమరుపు అన్నారు. అలా ఒక్కో వారం ఒక్కోటి పెరిగింది.

ఇప్పుడు బారులో మూల కూర్చుంటాడు. జేబులో తాడు ముక్క. ముడి వేస్తాడు, లాగి చూస్తాడు, విప్పుతాడు. మళ్ళీ వేస్తాడు. శుక్రవారం రాత్రి నేను లెక్కపెట్టాను, గంటలో అరవై రెండు సార్లు. ఒక్కటీ జారలేదు. అయినా వేస్తూనే ఉన్నాడు. టపా తెచ్చే డోనీ లేడూ, వాడు ‘టోర్కిల్, నీ బూటు లేసులు ఇవాళ ఎవరు కట్టారు?’ అన్నాడు. అందరూ నవ్వారు. టోర్కిల్ వంగి బూట్లు చూసుకున్నాడు. నిజంగానే చూసుకున్నాడు ఇమ్రీ గారూ, సరిగ్గా కట్టుకున్నానా లేదా అని.

నేనా? నేను నవ్వలేదు. నవ్వలేదంటే ఏదో చేశానని కాదు.

నాలుగూ నలభై ఎనిమిది. ఇంజను వెయ్యండి.

కీత్ గారు ఏమంటున్నారు? చప్పుడా? ఎలాంటి చప్పుడు? గరగరమంటే ఫర్వాలేదండీ, గొలుసు రాళ్ళ మీద దొర్లితే అలాగే వస్తుంది, మంచం మీద పడుకున్నవాళ్ళకి పడవ గోడలోంచి బాగా తెలుస్తుంది.

టక్ మంటోందా.

ఎంతసేపటికోసారి? అడగండి ఆయన్ని. ప్రతి అలకీనా, అల వదిలేసి అలకా?

ప్రతి అలకీ.

ఇమ్రీ గారూ, వెళ్ళండి. నేను ఇంకేమీ చెప్పలేను, నన్నేమీ అడక్కండి, వెళ్ళిపోండి. మీకు దండం పెడతాను.

ఏమన్నారు? మూడో బోయానా?

మూడోది ఖాళీగానే ఉంది, కనపడుతోంది. దగ్గరే. అరవై గజాలు. మొదటి రెండింటి మీదా పడవలున్నాయి కాబట్టి మూడో దాని మీదికి జరుగుతానంటున్నారు. దాని మీద కూడా తనిఖీ అయినట్టు ఈ ఏడాది అంకె తెల్ల రంగుతో రాసి ఉంది, చూశాను అంటున్నారు. రాసింది నేనే కదా. డెన్మార్క్ వాళ్ళకి ఇది ఇచ్చేసినట్టూ ఉంటుంది, మీరు మొన దాటక్కర్లేనట్టూ ఉంటుంది.

వద్దు.

వద్దన్నానా. ఆ తాడు వదలండి. ఇమ్రీ గారూ, ఆ తాడు విప్పకండి, చేతులు తియ్యండి దాని మీంచి! మూడో బోయా కింద ఏమీ లేదు.

ఏమీ లేదు అంటే లేదు. గొలుసు లేదు. అడుగున రెండు టన్నుల కాంక్రీటు దిమ్మ ఉంది, దాన్నుంచి తెగిన గొలుసు ముక్క ఉంది. పైన మీకు కనపడే బోయాని మా నాన్న పాత లంగరుకి కట్టి వదిలాను. పది కిలోల లంగరు. మీ పడవ ఎంత, ఏడు టన్నులా?

నేనే వదిలాను. ఆరో తారీకు గాలి పోయాక, ఏడో తారీకు పొద్దున్న, అయిదున్నరకి.

ఉండండి, కూర్చోనివ్వండి. ఈ మగ్గు అందుకోండి.

ఆ పొద్దున్న ముందు చూసింది నేను. గాలి తగ్గగానే బోయాలు చూడటం నా పని కాబట్టి వెళ్ళాను. పడవ పళ్ళ మీద పక్కకి ఒరిగి ఉంది. ముందు భాగానికి బోయా వేలాడుతోంది. టోర్కిల్ తాడు, టోర్కిల్ ముడి, దానికి బోయా, బోయాకి నాలుగు బారల గొలుసు. గొలుసు చివర తెగిన లింకు. ముడి అలాగే ఉందండీ. రాత్రంతా అంత గుంజుకుంటే కూడా ఒక్క అంగుళం జారలేదు.

కత్తితో తాడు కోస్తే కోసినట్టు తెలిసిపోతుంది. అందుకని ముడి విప్పాను. బిగుసుకుపోయిన ఆ ముడిని ఎక్కడ వంచి తోస్తే వదులవుతుందో నాకు తెలుసు. గడప మీద నేర్చుకున్నాను కదా. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. బోయా తెచ్చి దాని చోట నిలబెట్టి, ఇంటికెళ్ళి, ఆరున్నరకి అందరితో పాటు పరిగెత్తుకుంటూ మళ్ళీ వచ్చాను.

ఇదిగోండి. జేబులో పెట్టుకు తిరుగుతున్నాను పందొమ్మిది రోజులుగా. చేతిలో పట్టుకు చూడండి. ఆ మూల జాగ్రత్త, కోసుకుంటుంది. ఇదే ఆ లింకు. కొత్తదప్పుడు మీ బొటనవేలంత లావు, పందొమ్మిది మిల్లీమీటర్లు. పదమూడుకి అరిగితే గొలుసు మార్చాలి, అది నియమం. ఇది తెగిన చోట నాలుగు.

మీకు నా కాగితాలు చూపించాను గుర్తుందా, పోయిన వేసవిలో, ఇదే చోట కూర్చుని? మీరు ‘ఇరవై నాలుగేళ్ళకే సొంత వ్యాపారం, లెక్కల్లో పులివి’ అన్నారు. గొలుసులన్నీ ఒక్కరోజే వేసినవి. మొదటి రెండేళ్ళు డైవరుని పిలిచి నాలుగూ వీలైనంత పైకి లేపించి కొలిపించాం. ఏడాదికి ఒకటింబావు మిల్లీమీటరు అరుగుతోంది, నాలుగింటికీ దాదాపు ఒకటే. అప్పుడు నాకు తెలివి పుట్టింది. అరిగే వేగం తెలిశాక ప్రతి ఏడూ అన్నీ లేపడం ఎందుకు? మొదటి రెండూ లేపుదాం, మిగతా రెండూ లెక్క వేద్దాం. పైన చేతికందే లింకులు కొలిచి గీత గీశాను. నాలుగేళ్ళకి పద్నాలుగు. వచ్చే వసంతం దాకా ఢోకా లేదు. సంఘం వాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను మూడు, నాలుగు మీద ఏడాది అంకె రాసేశాను, లేపకుండానే.

ఎక్కడ తప్పిందో చెప్పనా? గొలుసు పైన అంతగా అరగదు. అడుగున అరుగుతుంది. పోటుకి లేచి, ఆటుకి పడి, రోజుకి నాలుగు సార్లు రాళ్ళ మీద దొర్లే ఆ రెండు బారల మేర. అది మూడు రెట్లు. డైవరు ఉన్నప్పుడు ఆ మేర కూడా మొదటి రెండు బోయాల దగ్గరే కొలిచాడు, అక్కడ అడుగున ఇసుక. ఇటు రాయి. నేను ఇసుక అంకె తీసుకుని రాతికి వేశాను. ఈ సంగతి టోర్కిల్‌ని అడిగితే చెప్పేవాడు, నిద్రలో అడిగినా చెప్పేవాడు. నేను అడగలేదు. ఆయనకి గ్రాఫులు రావు కదా.

నాలుగోదా? నాలుగోదీ అదే గొలుసు. అదే రోజు వేసింది. అడుగు ఇంకా గరుకు. కీత్ గారు విన్న ఆ టక్, అరిగిన లింకులు గుంజుకుంటున్న చప్పుడే. నేను చూడలేదు. లేపి చూస్తే కొలవాలి, కొలిస్తే రాయాలి, రాస్తే మూడోది ఏమైందని అడుగుతారు. కొత్త గొలుసు నా డబ్బుతో తెప్పించాను, ఇవాళ అదే ఫెర్రీలో తెచ్చుకున్నాను, రేవు మీద సంచులు కప్పి ఉంది. వచ్చే వారం పెద్ద ఆటు రోజున ఎవరికీ తెలీకుండా రెండూ మార్చేద్దామనుకున్నాను. అప్పటిదాకా నాలుగో దానికి ‘వాడొద్దు’ అని అట్ట కట్టి వెళ్ళాను. ఊడిపోయిందా? మీరు చూడనే లేదా?

అట్ట. పురికొసతో కట్టాను. జారిపోయినట్టుంది.

ఫెర్రీ మీద నుంచి మీ తెరచాప స్తంభం చూశాను. నాలుగో దాని మీద. ఏం చేశానో తెలుసా? ముందు ఇంటికెళ్ళి బారోమీటరు చూశాను. గాలి రాకపోతే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు కదా అని. అది చూసి, అప్పుడు డెన్మార్క్ వాళ్ళని కల్పించి, అప్పుడొచ్చాను. డెన్మార్క్ వాళ్ళు లేరు.

అలా చూడకండి. తిట్టండి, ఫర్వాలేదు. కీత్ గారికి వినపడిందా ఇదంతా? సరే. వినపడాలి.

అదుగో. ఫెర్రీ కూత.

అయిదు.

విన్నారుగా. వచ్చినప్పుడే ‘ఈ గొలుసు తెగుతుంది’ అని మూడు మాటలు చెప్పి ఉంటే మీరీపాటికి బే బయట ఉండేవారు. ఇరవై అయిదు నిమిషాలు నేను తాగేశాను, టీతో పాటు.

లేదు, ఇంకా వెళ్ళొచ్చు అనకండి. నా లెక్కలో అటూ ఇటూగా ఎనిమిది నిమిషాలు మిగులుంది, ఎప్పుడూ ఉంచుకుంటాను. కాగితం మీద ఇప్పుడు బయల్దేరినా సరిపోతుంది. ఇంజను ఒక్కసారి తుమ్మితే, అల కొంచెం ముందొస్తే, ఆ మొన దగ్గర మీరొక్కరు, కింద లేవలేని మనిషి. నా లెక్క నమ్మి ఇంకో పడవని పంపను. పంపలేను.

వినండి. మనుషుల్ని దింపుదాం. కీత్ గారిని ఈ రబ్బరు పడవలోకి నేను దింపలేను, నడుము విరిచేస్తాను. దానికి పనితెలిసిన వాళ్ళు కావాలి, స్ట్రెచరు కావాలి. లైఫ్‌బోటు ఇక్కడికి రావడానికి గంటా నలభై నిమిషాలు. ఇప్పుడు పిలిస్తే ఏడు లోపల వస్తారు. గాలి తిరిగేది ఎనిమిదిన్నరకి. అది కూడా నా లెక్కే, అందుకే ఇప్పుడే పిలవాలి. పడవ సంగతి వాళ్ళు వచ్చాక. లాక్కుపోతే లాక్కుపోతారు. లేదంటే... మీకు ఇల్లు లాంటిదని తెలుసు నాకు.

వాళ్ళు వచ్చేదాకా నేను ఇక్కడే ఉంటాను. ముందు భాగంలో కూర్చుని గొలుసు మీద చెయ్యి వేసి ఉంచుతాను, తెగితే ముందు నా చేతికే తెలుస్తుంది. మీరు ఇంజను వేసి ఉంచండి. నన్ను పైకి రానివ్వండి.

చెయ్యి ఇవ్వక్కర్లేదు, నేనే ఎక్కుతాను.

ఇప్పుడా మైకు ఇలా ఇవ్వండి. లేదు, మీరు పిలవద్దు. మీరు పిలిస్తే వాళ్ళు ఏమైందని అడుగుతారు, మీరు ‘బోయా మీద నమ్మకం లేదు’ అంటారు, నన్ను కాపాడతారు. మీరంతే. పద్నాలుగేళ్ళప్పుడు నేను అమ్మిన పగిలిన గుడ్లకి కూడా డబ్బులిచ్చిన మనిషి మీరు.

నేను చెబుతాను. ఏ బోయా, ఎందుకు, ఎప్పట్నుంచి అన్నది. ముందు నాలుగోది, ఆ తర్వాత మూడోది. ఏడో తారీకు పొద్దున్న ఎవరు విప్పారో, అది కూడా. లైఫ్‌బోటు వాళ్ళకి అది అక్కర్లేదని నాకు తెలుసు.

పదహారులోనే ఉందా? మైకు గొంతు ఇంకొంచెం పెంచండి.

పూర్తిగా తిప్పండి. టోర్కిల్‌కి కుడి చెవి వినపడదు.